మిల్లు ముఠాలో యూనియన్ పెట్టుకోవాలంటే

మండపేట వైపు రైస్ మిల్లుల్లో ముఠా (జట్టు) కట్టి బస్తా మోసే తమ్ముళ్లూ, యూనియన్ పెట్టాలనుకుంటే ముందు గట్టి అట్ట ఉన్న లెక్కల పుస్తకం ఒకటి కొనండి. రోజూ ఏ లారీకి ఎన్ని బస్తాలు ఎక్కించారో, ఎన్ని దింపారో, బస్తా ఎన్ని కిలోలో, నెట్టు (పేర్చిన బస్తాల దొంతర) ఎన్ని వరసల ఎత్తు కట్టారో రాయండి. మూడో వరసలో వేసిన బస్తాకీ, నెత్తిన పెట్టుకుని పదో వరస దాకా ఎక్కించిన బస్తాకీ ఒకే రేటు ఇస్తుంటే అది కాగితం మీద కనబడాలి. రేట్ల మాటలకు కూర్చున్నప్పుడు గుమస్తా తన పుస్తకం తీస్తాడు, మీరూ తియ్యాలి. మేం ఆ రాత ఇంటర్ చదివిన కుర్రాడికి అప్పగించాం. ముఠా పెద్ద అయిన మేస్త్రికి ఇవ్వలేదు. మనవాడే అయినా, అడ్వాన్సులు తెచ్చేది మిల్లు దగ్గర కదా, గట్టిగా మాట్లాడలేడు.

రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు సంతకాలు పెడితే చాలు. కాకపోతే పనివాళ్లలో పదో వంతు, లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఏడుగురికి మాత్రం తగ్గకూడదు. చందా పది రూపాయలైనా రసీదు ఇవ్వండి.

కమిటీలో ఎవరుండాలన్న దగ్గర తొందరపడొద్దు. ఎందుకో ఈ పాత కథ చెబుతుంది. 1918లో మద్రాసులో బిన్నీ కంపెనీ వారి బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. అప్పుడు మన గోదావరి జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కార్మికుల్ని ఒప్పందం తప్పేలా చేశాడని అధ్యక్షుడు బి.పి. వాడియా మీద కంపెనీ హైకోర్టులో దావా వేసింది. సంఘాలకు రక్షణ కావాలన్న పట్టుదల దాంతో పెరిగి 1926లో చట్టం వచ్చింది. ఇప్పుడది పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ మిల్లుల్లో జరిగిన 1921 సమ్మె. ఆది ద్రావిడ (దళిత) కార్మికులు చాలామంది పనిలోకి వెళ్లడంతో అది కులాల కొట్లాటయింది. మద్రాసులోని పులియాంతోపు పేటలో ఇళ్లు తగలబడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు, సమ్మె ఓడిపోయింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కూలి ఆగితే ముందు పస్తులుండేది ఏ ఆధారమూ లేనివాళ్లే. అందుకే మన కమిటీలో కోశాధికారిగా దళితపేట వాళ్లనే పెట్టుకోమంటాను. సమ్మె నిధి బియ్యం ముందు ఎవరింటికి చేరాలో వాళ్లకి తెలుసు.

సమ్మె నోటీసు ఇచ్చాక పద్నాలుగు రోజుల్లోపు పని ఆపకూడదు. రాజీ చర్చలు నడుస్తుండగానూ ఆపకూడదు. సగంమంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

దాళ్వా (రెండో పంట) ధాన్యం దిగే రోజుల్లో మిల్లు ఆగితే యజమానికి టెన్షన్, కనక మన మాట వింటాడు. కానీ అప్పుడే రైతు ధాన్యం రోడ్ల మీద ఉంటుంది, అకాల వాన పడితే మొలకొచ్చేస్తుంది. నోటీసు కాపీ పట్టుకుని రైతుల దగ్గరికి, ముఖ్యంగా కౌలుదారుల దగ్గరికి ముందే వెళ్లండి. తడిసిన ధాన్యం దింపడానికి ఒక జట్టుని విడిగా ఉంచండి, ఆ జట్టుకొచ్చిన కూలి సమ్మె నిధిలో వేయండి.