మా బుజ్జిగాడికి షుగర్ పడిపోయిన రాత్రి

అమలాపురంలో ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. రాత్రి ఏడింటికి మా పిల్లి బుజ్జిగాడు గిన్నెలో సగం వదిలేశాడు. నేను చూసుకోకుండా ఎప్పటిలాగే 2 యూనిట్ల ఇన్సులిన్ వేసేశాను. తప్పు అక్కడే జరిగింది. పదకొండింటికి వెనక కాళ్లు తడబడుతూ వచ్చి బీరువాకి గుద్దుకున్నాడు. చెవి అంచున గుచ్చి మనుషుల గ్లూకోమీటర్‌లోనే చూస్తే 41!

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే వేలితో చిగుళ్లకు తేనె పూశాను. కరుస్తాడేమోనని భయం, కరిచాడు కూడా. నోట్లో పోయొద్దన్నారు, ఊపిరితిత్తుల్లోకి పోతుందట. పావుగంటకి 58. ఇంకోసారి పూసి, నిలదొక్కుకోగానే ఉడికించిన కోడిమాంసం పెట్టాను. తేనె బలం త్వరగా దిగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం లోపల పనిచేస్తూనే ఉంటుంది. అందుకే తెల్లారేదాకా గంటగంటకీ గుచ్చి చూశాను. పొద్దుటి డోసు ఆపించి, తరవాత 1 యూనిట్‌కి తగ్గించారు.

ఇప్పుడు గిన్నె ఖాళీ అయ్యాకే సిరంజి తీస్తున్నాను.