గుల్లబారిన ఎముకలకు ఏ మందు? పోల్చి చూసుకునే పద్ధతి

నెలసరి ఆగిపోయిన తరువాత ఎముకలు గుల్లబారిన స్త్రీకి వైద్యులు రెండు మూడు మందుల పేర్లు చెప్పినప్పుడు, ఏది బలమైనది, ఏది చవక అన్న ప్రశ్నలే ఇంట్లో ముందుగా వస్తాయి. వాటికంటే ముందు అడగవలసినవి మూడున్నాయి: ఆ మందు ఏ ఎముకను కాపాడుతుంది, దానిని సక్రమంగా వాడగలమా, ఆపితే ఏమవుతుంది?

ముందుగా ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష కాగితాన్ని, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), కాల్షియం, విటమిన్ డి ఫలితాలను దగ్గర పెట్టుకోవాలి. డెక్సా కాగితం మీది టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే వ్యాధి ఉన్నట్టు. నిలుచున్న చోటే జారిపడి తుంటి విరిగితే స్కోరు ఎంత ఉన్నా ఉన్నట్టే. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో నలభై దాటకముందే గర్భసంచి ఆపరేషన్ అయినవారు చాలామంది కనిపిస్తారు. అండాశయాలు కూడా తీసివేసి ఉంటే ఎముకల అరుగుదల అప్పుడే మొదలై ఉంటుంది కనుక, ఆపరేషన్ నాటి వయసును వైద్యులకు తప్పక చెప్పాలి.

అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వెన్నుపూసలనూ తుంటినీ కాపాడతాయని రోగులపై జరిపిన పరీక్షల్లో తేలింది. ఐబాండ్రోనేట్, రాలోక్సిఫెన్ వెన్నుకు పనిచేస్తాయి గానీ తుంటికి మేలు చేసినట్టు రుజువు లేదు; పైగా రాలోక్సిఫెన్‌తో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. టెరిపారటైడ్ కొత్త ఎముకను పెంచుతుంది, అయితే రోజూ సూది వేసుకోవాలి, సాధారణంగా రెండేళ్లకు మించి వాడరు, ఆ తరువాత మరో మందు వాడకపోతే పెరిగినది నిలవదు.

అంకెల దగ్గర తొందరపడకూడదు. వెన్నుపూస అప్పటికే విరిగి ఉన్న స్త్రీలపై జరిగి 1996లో వెలువడిన అలెండ్రోనేట్ పరీక్షలో తుంటి విరుపులు సగానికి తగ్గాయి. అంటే మూడేళ్లలో వెయ్యి మందికి సుమారు 22 ఉన్నవి 11 అయ్యాయి. అదే లెక్కన 2007 నాటి జోలెడ్రోనిక్ పరీక్షలో 25 నుంచి 14కు, 2009 నాటి డెనోసుమాబ్ పరీక్షలో 12 నుంచి 7కు తగ్గాయి. మందు తీసుకోనివారిలోనే విరుపులు ఒకచోట 25, మరొకచోట 12 ఉన్నాయంటే, ఆ స్త్రీలు ఒకే తీరు వారు కారు. అందువల్ల ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఒకటి మేలు, ఒకటి తక్కువ అనడం సరికాదు.

నా దృష్టిలో అసలు తేడా వాడకంలోనే తేలుతుంది. వారానికి ఒకటి వేసుకునే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంట పాటు ఏమీ తినకుండా, నడుము వాల్చకుండా ఉండాలి. పరకాల దగ్గరి మా పెద్దమ్మ "గుక్కెడు చాయ పడంది నాకు కాలు కదలది" అంటూ ఆ గోలీని చాయతోనే మింగి, మళ్లీ మంచం మీద ఒరిగేది. పరగడుపున వేసుకున్నా ఆ మందులో నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. చాయలోని పాలు ఆ కాస్తనూ పట్టనివ్వవు, పడుకుంటే గొంతు నుంచి ఛాతీ దాకా మంట పుడుతుంది. అటువంటివారికి ఏడాదికి ఒకసారి, కనీసం పావుగంట సేపు నరానికి ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆమ్లమే నయం. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. మూత్రపిండాల వడపోత (క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టేది) నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉంటే ఇది పనికిరాదు.

ఆరు నెలలకు ఒకసారి సూదిగా వేసే డెనోసుమాబ్ మూత్రపిండాల మీద భారం వేయదు, కానీ అవి బాగా దెబ్బతిన్నవారిలో రక్తంలోని కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్, డెనోసుమాబ్‌లలో ఏది మొదలుపెట్టినా ముందే పళ్లు చూపించుకోవాలి, ఎందుకంటే వాడుతుండగా పన్ను పీకిస్తే అరుదుగా దవడ ఎముక మానకుండా పోతుంది.

ఇక ఆపడం సంగతి. అలెండ్రోనేట్ ఐదేళ్లు, జోలెడ్రోనిక్ మూడేళ్లు వాడాక, ప్రమాదం తక్కువగా ఉన్నవారికి వైద్యులు విరామం ఇవ్వవచ్చు; ఎముకలో చేరిన మందు కొంతకాలం పనిచేస్తూనే ఉంటుంది. డెనోసుమాబ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆరు నెలల సూది తప్పితే అరుగుదల ఎదురు తిరిగి, వెన్నుపూసలు ఒకటి తరువాత ఒకటి విరిగిన సందర్భాలున్నాయి. మానాలంటే వెంటనే మరో మందుకు మారవలసిందే. బతుకమ్మకు ఒకటి, ఉగాదికి ఒకటి అని గుర్తుపెట్టుకునేవారు ఉన్నారు. అధికమాసం వచ్చిన ఏడాది పండుగ ఆలస్యమవుతుంది కనుక, సూది వేయించుకున్న రోజే తరువాతి తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి.