సువాసన లేని బేబీ లోషన్ చేయించాలంటే

విజయనగరంలో మా అక్క పాపకి బుగ్గలు ఎర్రగా పేలినప్పుడు వాసన లేని లోషన్ కోసం కొట్లన్నీ తిరిగి, చివరికి మనమే చేయించి అమ్ముదామనుకున్నాం. మీరూ అదే ఆలోచనలో ఉంటే తయారీదారుతో మొదటి ఫోన్‌లోనే ఒకటి తేల్చుకోండి: ‘అన్‌సెంటెడ్’ వేరు, ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ వేరు. మొదటిదాంట్లో ముడిసరుకు వాసన తెలియకుండా మాస్కింగ్ సెంటు కలిపి ఉండొచ్చు, రెండోదాంట్లో సువాసన కోసం ఏదీ కలపకూడదు. మాకొచ్చిన తొలి శాంపిల్ మూత తీయగానే లావెండర్ గుప్పుమంది, అడిగితే "అది సహజ నూనె కదండీ" అన్నారు. సహజమైనా అది సువాసనే, పసిచర్మానికి పడకపోవచ్చు.

పదార్థాల జాబితా మొత్తం రాయించుకోండి. పర్ఫ్యూమ్ గానీ, లినలూల్, లిమొనీన్ లాంటి సువాసన పదార్థాలు గానీ ఉంటే వద్దనండి. ప్రిజర్వేటివ్‌ని మాత్రం తీసేయమనకండి, నీళ్లున్న లోషన్‌కి అది లేకపోతే బూజు పట్టేస్తుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దగ్గర ఉంటే మంచిది. కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద వాళ్లకున్న తయారీ లైసెన్స్ కాపీ అడగండి, మొహమాటపడొద్దు.

మూడేళ్లలోపు పిల్లల సరుకులో సూక్ష్మజీవుల లెక్క గ్రాముకి 100 దాటకూడదని కాస్మెటిక్స్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17516 చెబుతుంది, ప్రతి బ్యాచ్‌కీ ఆ రిపోర్టు చూశాకే డబ్బు కట్టండి. మన ఎండలు తెలిసినవే కాబట్టి, లోషన్‌ని 40 డిగ్రీల్లో మూడు నెలలు పెట్టి, పాడవకుండా నిలిచిందో లేదో చూసిన స్టెబిలిటీ రిపోర్టు కూడా తీసుకోండి.