గురి సాధనకు .22 పిస్టల్ ఎంచుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవారిలో చాలామంది బోర్లా పడుకొని .22 రైఫిల్ పేల్చి ఉంటారు. అది భుజాన్ని గట్టిగా తన్నదు, దాని తూటా మొత్తం పొడవు ఒక అంగుళమే, అందువల్ల "పాయింట్ టూటూయే కదా" అన్న చులకన అప్పుడే మనసులో పడిపోతుంది. తర్వాత ఎప్పుడో సరదాగా గురి సాధన చేద్దామని అదే తూటా పేల్చే సెమీ ఆటోమేటిక్ (ఒకటి పేలగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే) పిస్టల్ కొనాలనుకున్నప్పుడు ఆ చులకనే మొదటి ప్రమాదం అవుతుంది. .22 లాంగ్ రైఫిల్ తూటాలోని సీసపు గుండు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు బరువు ఉంటుంది. అంత చిన్న గుండు కూడా గురి తప్పి పైకి లేస్తే కిలోమీటరు దాటి పోయి మనిషిని చంపగలదు. పైగా పొట్టి గొట్టం ఉన్న పిస్టల్ శబ్దం రైఫిల్ శబ్దం కన్నా ఎక్కువ. ఒక్క పేలుడుతోనే చెవికి హాని చేయగల 140 డెసిబెల్స్‌ను అది దాటుతుంది కాబట్టి చెవి రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా పేల్చకూడదు.

పిస్టల్ ఏది బాగుంటుందన్న ప్రశ్న కన్నా ముందు, దాన్ని ఎక్కడ పేలుస్తారు, ఏడాదికి ఎన్ని తూటాలు దొరుకుతాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం .22 పిస్టల్‌కు లైసెన్సు తప్పనిసరి. జిల్లాలో దరఖాస్తు కలెక్టరుకు చేరుతుంది, పోలీసు విచారణ జరుగుతుంది, ఆయుధ నిబంధనలు 2016 ప్రకారం భద్రతా శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా ఉంచుతామన్న హామీపత్రం ఇవ్వాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి సొంత లైసెన్సు రాదు. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారుడు రెండు ఆయుధాలకు మించి ఉంచుకోరాదు, కాబట్టి ఒకటి కొన్నాక నచ్చకపోతే ఇంకొకటి చూసుకుందాం అనుకునేందుకు అంత వీలు లేదు. 9 ఎంఎం పిస్టల్ నిషిద్ధ బోరు (సామాన్యులకు అనుమతి లేని గొట్టం వ్యాసం) కిందికి వస్తుంది, సరదా సాధనకు దాని ఆలోచనే అక్కర్లేదు.

తూటాల లెక్క చాలామంది కొన్న తర్వాత గాని వేసుకోరు. ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. .22 తూటాల పెట్టెలో యాభై ఉంటాయి, మెల్లగా పేల్చినా అవి ఒక పూటలో అయిపోతాయి. ఆత్మరక్షణ కోసమని తీసుకున్న లైసెన్సు మీద వచ్చే తూటాలతో క్రమంగా సాధన చేయడం సాధ్యం కాదు. అందుకని గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బులో సభ్యత్వం తీసుకొని, అక్కడి శిక్షకుడి ఎదుట క్లబ్బు పిస్టల్‌తో కొన్ని నెలలు పేల్చి చూసిన తర్వాతే సొంతదాని గురించి ఆలోచించడం మేలు. నెల్లూరు వాసులు ఇందుకోసం చెన్నై వైపు, ఒంగోలు వాసులు హైదరాబాద్ వైపు ప్రయాణం పెట్టుకోవలసి రావచ్చు. ఆ ప్రయాణం నెలకు ఒకసారి కూడా కుదరదనుకుంటే పిస్టల్ కొనడమే దండగ.

అటువంటివారికి 4.5 ఎంఎం ఎయిర్ పిస్టల్ చక్కని ప్రత్యామ్నాయం. 20 జౌళ్ల లోపు శక్తి గల .177 బోరు (అదే 4.5 ఎంఎం) ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అవసరం లేదు, అమ్మేవారు గుర్తింపు పత్రం అడిగి నమోదు చేసుకుంటారు. పది మీటర్ల నిడివి ఉన్న వరండా, వెనుక గుండ్లను పట్టి ఉంచే ఇనుప పెట్టె, పక్కనుంచి ఎవరూ రాకుండా గడియ వేసిన తలుపు ఉంటే ఇంట్లోనే సాధన సాగుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనే. అయితే దీని గుండు కూడా కన్ను పోగొడుతుంది కనుక కళ్లద్దాలు పెట్టుకోవాలి. రొయ్యల చెరువుల మీద వాలే కొంగలను బెదిరించడానికి దీన్ని తీసుకుపోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసు తెచ్చిపెట్టే పని.

క్లబ్బులో పేల్చి చూసి, .22 పిస్టలే కావాలని తేల్చుకున్నవారు విదేశీ వీడియోల్లో కనిపించే రూగర్ మార్క్ ఫోర్, బ్రౌనింగ్ బక్ మార్క్ వంటివి ఇక్కడి దుకాణంలో వరుసగా పేర్చి ఉంటాయని ఆశపడకూడదు. సాధారణ లైసెన్సుదారులకు విదేశీ పిస్టల్ దిగుమతి చేసుకునే వీలు లేదు. పోటీల్లో నిర్ణీత స్కోరు సాధించిన షూటర్లకే ఆ అవకాశం ఉంది. ఫలితంగా మన దగ్గర చేతులు మారేవాటిలో ఎప్పుడో దశాబ్దాల కిందట వచ్చిన పాత విదేశీ పిస్టళ్లు ఎక్కువ. వాటి ధర నాణ్యతను బట్టి కాక, దొరక్కపోవడాన్ని బట్టి పలుకుతుంది. పాతది చూసేటప్పుడు గొట్టంలోకి వెలుతురు పడేలా పట్టుకొని లోపలి గాడులు చెరిగిపోయాయేమో, ఎక్కడైనా ఉబ్బిన వలయంలా కనిపిస్తుందేమో చూడాలి. .22 తూటాలో మందుగుండును రగిలించే పదార్థం అడుగు అంచు చుట్టూ ఉంటుంది, పిన్ను ఆ అంచు మీదే కొడుతుంది. తూటా లేకుండా పదేపదే ట్రిగ్గర్ నొక్కిన పాత పిస్టల్‌లో ఆ పిన్ను చాంబర్ (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటు) అంచునే కొట్టి కొట్టి చిన్న గుంట చేసి ఉండవచ్చు. గోటితో తడిమితే తెలిసిపోయే ఆ గుంట వల్ల తూటా సరిగా కూర్చోదు, పేలిన తూటా ఖాళీ తొడుగు సరిగా బయటికి రాదు. విడి మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలో దూర్చే డబ్బా) దొరకని పిస్టల్‌ను ఎంత చవకగా వచ్చినా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, వంగిన రోజున పిస్టల్ మొత్తం మూలన పడుతుంది. అమ్మకం అధీకృత డీలరు ద్వారా, లైసెన్సుల్లో నమోదుతోనే జరగాలి.

జేబులో పట్టే బుల్లి పిస్టల్ ముద్దుగా కనిపించినా గురి సాధనకు పనికిరాదు. గొట్టం ఐదారు అంగుళాలు ఉండి, గొట్టం మీద గురి చూసుకునే ముందు గురికీ (సైట్) వెనుక గురికీ మధ్య దూరం ఎక్కువగా ఉంటే చేతి వణుకు వల్ల తప్పు ఎక్కడ జరుగుతున్నదో కంటికి తెలుస్తుంది. వెనుక గురి మరతో సవరించుకునేలా ఉండాలి. బరువు కిలోకు కాస్త అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు, పోటీ నిబంధనలు కూడా 1,400 గ్రాముల వరకు అనుమతిస్తాయి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద నిటారుగా ఆనాలి. వేలు సాగదీయవలసి వస్తే పట్టు చేతికి పెద్దదని అర్థం. ఇరవై ఐదు మీటర్ల పోటీలో ట్రిగ్గర్ బరువు కనీసం 1,000 గ్రాములు ఉండాలన్న నిబంధన ఉంది, కొత్తవారు దానికన్నా తేలికైనదాన్ని దగ్గరికి రానీయకూడదు. చివరి తూటా పేలగానే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే భాగం) వెనుకనే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదానికే ప్రాధాన్యం ఇవ్వండి. పిస్టల్ ఖాళీ అయిందో లేదో దూరం నుంచే శిక్షకుడికి కనిపిస్తుంది.

సెమీ ఆటోమేటిక్‌లో జరిగే ప్రమాదాలకు ఎక్కువగా ఒకటే కారణం. ఒక తూటా పేలగానే ఆ తోపుతోనే స్లైడ్ వెనక్కి వచ్చి ఖాళీ తొడుగును విసిరేసి, ముందుకు పోతూ మ్యాగజైన్ నుంచి మరో తూటాను చాంబర్‌లోకి నెడుతుంది. ఆ క్షణంలో మ్యాగజైన్ లాగేసినవారు పిస్టల్ ఖాళీ అయిందనుకుంటారు, కాని చాంబర్‌లో తూటా అలాగే ఉంటుంది, అనేక మోడళ్లలో మ్యాగజైన్ లేకున్నా అది పేలుతుంది. అందువల్ల ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లోకి కంటితో చూసి, వెలుతురు చాలకపోతే చిటికెనవేలితో తడిమి, అప్పుడే ఖాళీ అని చెప్పాలి. ఈ క్రమాన్ని తారుమారు చేసి ముందు స్లైడ్ లాగితే మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా ఎక్కుతుంది. కాలే తొడుగు ఎగిరి చొక్కా మెడలో పడినప్పుడు మనిషి ఉలిక్కిపడి, వేలు ట్రిగ్గర్ మీద ఉండగానే పక్కకు తిరుగుతాడు. మెడ మూసి ఉండే చొక్కా, కళ్లద్దాలు, అంచు ఉన్న టోపీ అందుకే.

తూటా పేలకుండా క్లిక్‌మని ఆగిపోతే వెంటనే స్లైడ్ లాగవద్దు. మూతి గురిపలక వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. దానికన్నా ప్రమాదకరమైనది బలహీనంగా 'ఫట్' మని పేలడం, ఎందుకంటే అప్పుడు గుండు గొట్టంలోనే ఇరుక్కొని ఉండవచ్చు. దాని వెనుక మరొకటి పేలిస్తే గొట్టం పగలవచ్చు. సీసం చేతులకు అంటుతుంది కనుక సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ పొట్లం విప్పాలి.

క్లబ్బు దూరమని ఎక్కడో మారుమూల పేల్చి చూద్దామనుకోవడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సహజంగా వచ్చే ఆలోచన, అది చట్టవిరుద్ధమే కాక ప్రాణాంతకం కూడా. చీమకుర్తి చుట్టుపక్కల వదిలేసిన గ్రానైట్ క్వారీ గోడలా నిలబడి ఉంటుంది గాని, ఆ నల్లరాయి గుండును మింగదు, చితక్కొట్టి ముక్కలుగా వెనక్కి విసురుతుంది. అడుగున నిలిచిన నీటికి ఏటవాలుగా తగిలిన గుండు కూడా ఎగిరి పక్కకు పోతుంది. తీరం వెంబడి సరుగుడు తోటల్లో కట్టె కొట్టేవారు చెట్ల వరసల మధ్య కనిపించరు. పెళ్లిలో, ఊరేగింపులో గాలిలోకి కాల్చి ఇతరులకు ముప్పు తెచ్చేవారికి 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించేలా చేసింది.

చెన్నై రేంజికి వెళ్లేవారు తడ దాటే ముందు లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన లైసెన్సుతో సరిహద్దు దాటితే నేరమవుతుంది. ప్రయాణంలో పిస్టల్ ఖాళీగా తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే చోట ఉండాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో తూటాలు వదిలి భోజనానికి పోకూడదు. రోహిణి కార్తెలో అరచేతి చెమటకు పట్టు జారుతుంది, పొడి తువ్వాలు పక్కనే ఉంచుకోవాలి.

సముద్రపు ఉప్పుగాలి మన తీరంలో ఇనుమును తొందరగా తినేస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, తుఫాన్ల కాలంలో మరీ. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక పిస్టల్‌ను అందులో దాచకూడదు. పలుచగా నూనె రాసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉక్కు పెట్టెలో ఉంచి, తాళంచెవి పిల్లలకు తెలియని చోట పెట్టాలి. నూనె తూటాల మీద పడితే లోపలికి ఇంకి అవి పేలకుండా పోవచ్చు, కాబట్టి తుడిచిన చేతులతోనే మ్యాగజైన్ నింపాలి.

ఎన్నికల నియమావళి వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషన్‌లో అప్పగించమని ఆదేశాలు రావడం మామూలే. 2024లో మార్చి 16న నియమావళి అమల్లోకి వచ్చింది, ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది, అంటే ఎండాకాలమంతా సాధన ఆగినట్లే. అప్పగించే ముందు శుభ్రం చేసి నూనె పట్టించి, క్రమసంఖ్య స్పష్టంగా రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక గొట్టంలో పేరుకున్న నూనె, దుమ్ము పొడి గుడ్డతో పూర్తిగా తీసి, అడ్డం ఏదీ లేదని వెలుతురులో చూసి, మొదటి మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి పేల్చండి.