అమెరికా జీతాల డేటాను స్క్రిప్టుతో దించుకోవడం

కౌంటీల (మన జిల్లాల లాంటివి) వారీగా, రంగాల వారీగా ఉద్యోగాలు, జీతాల లెక్క కావాలంటే అమెరికా కార్మిక గణాంకాల సంస్థ బీఎల్‌ఎస్ మూడు నెలలకోసారి ఇచ్చే ఉద్యోగాలు, జీతాల లెక్క క్యూసీఈడబ్ల్యూను మించింది లేదు. నిరుద్యోగ బీమా కోసం యాజమాన్యాలు ఇచ్చిన లెక్కల నుంచి వస్తుంది కాబట్టి 95 శాతానికి పైగా ఉద్యోగాలు ఇందులో ఉంటాయి. కీ, లాగిన్ ఏమీ అక్కర్లేదు.

అడ్రస్ వరస ఎప్పుడూ ఒకటే: డేటా డాట్ బీఎల్‌ఎస్ డాట్ గవ్, సీఈడబ్ల్యూ, డేటా, ఏపీఐ, సంవత్సరం, త్రైమాసికం, ఏరియా, చివర కౌంటీ కోడ్ డాట్ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టేబుల్ ఫైలు). దేశం మొత్తానికి కోడ్ యూఎస్000. పైథాన్‌లో కోడ్‌ల జాబితా మీద లూప్ తిప్పి, ఒక్కో ఫైలుకు మధ్య 2 సెకన్లు ఆగితే చాలు. రిక్వెస్టులో అడిగేది ఎవరో చెప్పే యూజర్ ఏజెంట్ అన్న చోట మీ ఈమెయిల్ పెట్టండి. లేకపోతే 403, అంటే అనుమతి లేదన్న జవాబు, ఎదురుకావచ్చు.

404, అంటే ఫైలు లేదన్న జవాబు, వస్తే కంగారు పడొద్దు, కోడ్ సరిగ్గా ఉంటే చాలావరకు ఆ త్రైమాసికం ఇంకా విడుదల కాలేదన్నమాట. త్రైమాసికం ముగిశాక సుమారు 5 నెలలు పడుతుంది. విడుదల వాషింగ్టన్ టైములో ఉదయం 10 గంటలకు. అది బెంగళూరులో వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. గడియారం మార్చేది వాళ్లు, తప్పేది మన క్రాన్, అంటే స్క్రిప్టును టైముకు నడిపే ఏర్పాటు. అందుకే రాత్రి 9 గంటలకు పెట్టుకోండి, రెండు కాలాలకూ సరిపోతుంది.

దించిన ఫైలును ముందు తాత్కాలిక పేరుతో రాయండి. మొదటి లైన్లో ఏరియా_ఫిప్స్ అన్న కాలమ్ (కౌంటీ కోడ్ ఉండేది) కనిపిస్తేనే అసలు పేరు పెట్టండి. ఒక్కోసారి సీఎస్‌వీ బదులు హెచ్‌టీఎంఎల్ పేజీ వచ్చి కూర్చుంటుంది.

అసలు చిక్కులన్నీ చదివేటప్పుడే. మనవాళ్ల చుట్టాలు దండిగా ఉండే కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీనే చూడండి. దాని కోడ్ 06085. పైథాన్‌లో టేబుళ్లు చదివే పాండాస్‌కు ఏరియా_ఫిప్స్ కాలమ్ టెక్స్ట్ అని చెప్పకపోతే ముందున్న సున్నా ఎగిరిపోయి 6085 మిగులుతుంది, కోడ్ ఆధారంగా వేరే టేబుల్‌తో జాయిన్ చేస్తే, 06తో మొదలయ్యే కాలిఫోర్నియా మొత్తం మాయం. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినా అదే గతి.

జీతం కాలమ్‌లో 0 ఉంటే వెంటనే డిస్‌క్లోజర్_కోడ్ చూడండి. అక్కడ ఎన్ అని ఉంటే జీతాలు లేవని కాదు, ఫలానా కంపెనీదని తెలిసిపోతుందని దాచారు. దాన్ని ఖాళీగా మార్చాలి. సున్నాగానే వదిలితే సగటు పడిపోతుంది.

ఒకే ఫైల్లో మొత్తం, రంగం, ఉపరంగం అన్నీ కలిసి ఉంటాయి. కాలమ్ అంతా కూడితే ఒక్కో ఉద్యోగి తొమ్మిది సార్ల వరకూ లెక్కలోకి వస్తాడు. కౌంటీలో ప్రైవేటు రంగాలు మాత్రమే కావాలంటే ఓన్_కోడ్ (ఎవరి యాజమాన్యం) 5, ఏజీజీఎల్‌వీఎల్_కోడ్ (ఏ స్థాయి లెక్క) 74తో వడగట్టండి. రెండు కౌంటీల వారపు జీతం కలపాలంటే రెండు సగటులకు సగటు తీయొద్దు. జీతాల మొత్తాలను కూడి, రెండు కౌంటీల 3 నెలల సగటు ఉద్యోగుల సంఖ్యల మొత్తంతోనూ, త్రైమాసికంలోని వారాలు 13తోనూ భాగించండి.

కొత్త విడుదలతో ఆ ఏడాది పాత త్రైమాసికాల అంకెలు కూడా సవరిస్తారు. పాత ఫైలు మీద రాయకుండా, దించిన తేదీతో వేరే ఫోల్డర్ పెట్టుకుని ఆ త్రైమాసికాలను కూడా మళ్లీ దించండి.