ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి రిలీజ్ షెడ్యూల్ వేసి నడిపించడం ఎలా?

ఆఫీసులో అయితే మేనేజర్ అడుగుతాడని పని కదులుతుంది. ఓపెన్ సోర్స్‌లో ఎవరికీ ఎవరూ పై అధికారి కాదు. చాలామంది ఉద్యోగం అయ్యాక మిగిలిన గంటలో కోడ్ రాస్తారు, ఒకరు లేచే వేళకి ఇంకొకరు పడుకుంటారు. వీళ్లందరినీ ఒక దారిలో నడిపించాలంటే మీ చేతిలో ఉండేది ఒక్కటే, అందరికీ బాగా ముందుగా తెలిసిన తేదీ.

1. తేదీ ముఖ్యమా, ఫీచర్లు ముఖ్యమా తేల్చుకోండి

లినక్స్ మీద నడిచే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ 2004 అక్టోబర్‌లో 4.10తో మొదలై ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి ఇస్తోంది. వెర్షన్ నంబరే సంవత్సరం, నెల. 2006లో ఏప్రిల్‌ది జూన్‌కి జరిగితే నంబరు కూడా 6.06 అయింది. డెబియన్ అనే మరో లినక్స్ సిస్టమ్‌ది వేరే దారి, సిద్ధమయ్యాకే విడుదల. అక్కడ 2002 జులై తర్వాతి స్టేబుల్ వెర్షన్ 2005 జూన్‌లో గానీ రాలేదు.

చిన్న ప్రాజెక్టులకి తేదీ పద్ధతే మేలని నా అభిప్రాయం. ఫలానా ఫీచర్ పూర్తయ్యాకే రిలీజ్ అంటే ఆ ఒక్క మనిషి జ్వరంతో పడుకున్నా అందరూ ఆగిపోతారు. తేదీ ఖాయమైతే పూర్తికాని ఫీచర్ తర్వాతి వెర్షన్‌కి వెళ్తుంది. తర్వాతి బస్సు ఎప్పుడో తెలిసినవాడు ఈ బస్సు వెనక పరిగెత్తడు.

ఎన్నాళ్లకొకటి? లినక్స్ కెర్నల్ (ఈ సిస్టమ్‌ల గుండెకాయ) 9, 10 వారాలకి ఒకటి ఇస్తుంది. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.9 నుంచి ఏడాదికొకటి, అక్టోబర్‌లో. మీ దగ్గర టెస్టింగ్ చేసేవాళ్లు ఎందరున్నారో చూసుకుని మీ లెక్క మీరు వేసుకోండి.

2. తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

అక్టోబర్ 14న రిలీజ్ అనుకుందాం. ఫీచర్ ఫ్రీజ్ (ఆ తర్వాత కొత్త ఫీచర్ తీసుకోరు), మొదటి బీటా (పరీక్షకి ఇచ్చే వెర్షన్) సెప్టెంబర్ 2న. స్ట్రింగ్ ఫ్రీజ్ (తెర మీద కనబడే వాక్యాలు ఇక మార్చరు) 9న. మొదటి రిలీజ్ క్యాండిడేట్ (పెద్ద తప్పు దొరక్కపోతే ఇదే రిలీజ్) 30న. అనువాదాలు చేరడానికి గడువు అక్టోబర్ 7. అంటే చివరి ఆరు వారాలు కొత్త ఫీచర్ ఏదీ రాదు. మొదటిసారి విన్నవాళ్లు ఇన్ని వారాలా అంటారు, చాలకపోవడమే ఎక్కువసార్లు చూశాను.

ప్రతి తేదీకి యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే గడియారం) గంట కూడా రాయండి. గంట లేని గడువు భూమి అంతా తిరిగి రావడానికి రెండు రోజులు పడుతుంది.

3. ఒక్క మనిషికి అప్పగించండి

పైథాన్‌లో ప్రతి వెర్షన్‌కీ ఒక రిలీజ్ మేనేజర్ ఉంటారు. ఏ ప్యాచ్ (కోడ్ మార్పు) లోపలికి, ఏది బయటికి అన్న చివరి మాట ఒకరిదే కావాలి. కుబెర్నెటీస్ అనే ప్రాజెక్టు రిలీజ్ టీమ్‌లో పక్కనే ఉండి పని నేర్చుకునే షాడోలు కూడా ఉంటారు. పాత మనిషి అలసిపోయినప్పుడు ఆ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

4. ఫ్రీజ్ అంటే ఫ్రీజే

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఫ్రీజ్ మర్నాడే "రెండు లైన్లే కదా" అంటూ ఒక ప్యాచ్ వస్తుంది. పంపింది మంచి మనిషి, కోడ్ కూడా బాగుంటుంది. అక్కడే మెత్తబడతాం.

ఒకసారి నేనూ మెత్తబడ్డాను. స్ట్రింగ్ ఫ్రీజ్ అయ్యాక ఎవరో ఒక ఎర్రర్ మెసేజ్ చివర ఫుల్‌స్టాప్ లేదని సరిచేశారు. చుక్కే కదా అని మెర్జ్ చేశాను, అంటే అసలు కోడ్‌లో కలిపేశాను. అనువాదాలు నడిపే గెట్‌టెక్స్ట్ అనే పనిముట్టుకి మాత్రం మూల వాక్యంలో చుక్క మారినా అది కొత్త వాక్యమే. పాత అనువాదానికి ఫజీ (మళ్లీ చూడాలి) అని గుర్తు పడుతుంది, ఫజీవి మామూలుగా బిల్డ్‌లోకి (తయారయ్యే ప్రోగ్రామ్‌లోకి) వెళ్లవు. రిలీజ్ అయ్యాక అనువాదమైన భాషలన్నిట్లోనూ ఆ ఒక్క మెసేజ్ ఇంగ్లీషులో కనబడింది. గడువు కన్నా ముందే పని ముగించిన అనువాదకులకి ఏం చెప్పాలో తోచలేదు. అప్పటినుంచి ఫ్రీజ్ తర్వాత వచ్చే ప్రతి మినహాయింపుకీ ప్రాజెక్టు చూసుకునే ఇద్దరు మెయింటెయినర్లు ఒప్పుకోవాలి, స్ట్రింగ్ మారితే అనువాదకులకి కబురు వెళ్లాలి అని రాసి పెట్టుకున్నాం.

రిలీజ్ బ్రాంచ్‌ని (విడుదల కోసం పక్కన పెట్టే కోడ్ కాపీ) మరీ తొందరగా విడదీయకండి. విడదీసిన క్షణం నుంచి అందరూ మెయిన్ బ్రాంచ్‌లో కొత్త ఫీచర్ల మీద పడతారు, బీటా బగ్గులు అనాథలవుతాయి. క్యాండిడేట్ దాకా ఆగితే బగ్గులు సరిచేయడం తప్ప వేరే పని ఉండదు.

5. ఏది బ్లాకరో ముందే రాసుకోండి

బ్లాకర్ అంటే రిలీజ్‌నే ఆపేసే బగ్. ఎవరి బగ్ వారికి బ్లాకరే. అందుకే కొలత ముందే ఉండాలి: డేటా పోతుందా, ఇన్‌స్టాల్ అవ్వదా, భద్రతా లోపమా, పాత వెర్షన్‌లో పనిచేసింది ఇప్పుడు ఆగిపోయిందా. ఈ నాలుగింటిలో లేనిది ఆగొచ్చు. ఫెడోరా లినక్స్‌లో రిలీజ్‌కి ముందు గో/నో-గో మీటింగ్ పెట్టి, మిగిలిన బ్లాకర్లు చూసి వదలాలో వారం ఆగాలో తేలుస్తారు. వాయిదా పడితే కొత్త తేదీ, కారణం ఒకే వాక్యంలో అదే రోజు చెప్పేయండి. టెన్షన్ పెట్టేది ఆలస్యం కన్నా మౌనమే.

6. పక్కవాళ్ల క్యాలెండర్ చూడండి

మీ సాఫ్ట్‌వేర్‌ని డిస్ట్రోలు (ఉబుంటు, డెబియన్ లాంటివి) ప్యాకేజీ చేస్తుంటే వాళ్ల ఫ్రీజ్ తేదీలు మీ షెడ్యూల్‌లో ఉండాలి. వాళ్ల ఫ్రీజ్ దాటిన వారానికి మీరు రిలీజ్ చేస్తే, వాళ్ల తర్వాతి విడుదల వరకు వాళ్ల యూజర్లకి మీ పాత వెర్షనే దిక్కు.

7. రిలీజ్ రోజు

వారం మధ్యలో పెట్టుకోండి, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు. కోడ్‌లో ఆ వెర్షన్‌కి గుర్తుగా ట్యాగ్ వేసి డిజిటల్ సంతకం చేయండి, దింపుకున్న ఫైలు సరైనదో కాదో చూసుకోవడానికి చెక్‌సమ్‌లు పెట్టండి, డౌన్‌లోడ్ లింకు మీరే ఒకసారి నొక్కి చూశాక ప్రకటించండి. గంటలో తప్పు బయటపడినా ఆ ట్యాగ్‌ని కదపకండి, అప్పటికే దాన్ని దింపుకున్నవాళ్లు ఉంటారు. 2.4లో తప్పుంటే 2.4.1 ఇవ్వండి. ప్రకటన చివరి లైనులో తర్వాతి ఫీచర్ ఫ్రీజ్ తేదీ వేయండి, ఈసారి బస్సు తప్పినవాళ్లు ముందు వెతికేది దాన్నే.