కృష్ణా మీద పాత హైవే బ్రిడ్జి మార్చి కొత్తది కట్టాలంటే ఎట్ల మొదలుపెట్టాలె

పాత బ్రిడ్జి మార్చాలె అని ఫైల్ కదలంగనే అందరూ ముందు అడిగేది ఎన్ని లేన్లు, ఎంత బడ్జెట్, కేబుల్ బ్రిడ్జా మామూలుదా అని. నేనైతే ముందు నీళ్ల కింద ఏముందో చూడమంట. బ్రిడ్జిలు పైన రోడ్డు పాడై పడిపోయేది తక్కువ, పునాది కాడనో బేరింగ్ (స్తంభానికి, పైభాగానికి నడుమ ఉండే దిమ్మె) కాడనో సంగతి చెడిపోతది, అది రోడ్డు మీద నిలబడితే కనిపించదు. కొత్తగా నేషనల్ హైవే (ఎన్‌హెచ్) పనులకొచ్చిన అసిస్టెంట్ ఇంజనీర్లకు, కాంట్రాక్టర్ దగ్గర సైట్ చూసే పిల్లలకు, బ్రిడ్జి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే సర్పంచులకు గూడ పనికొస్తదని రాస్తున్న.

ఇంకో మాట ముందే చెప్తా. తంగిడి కాడ భీమా కలిసినప్పటి నుంచి మట్టపల్లి దాటేదాంక కృష్ణ ఒక్క తీరుగ ఉండదు. బీచుపల్లి కాడ ఎండాకాలం పోతే బండలు తేలి కనిపిస్తయి, సోమశిల కాడికొస్తే అది శ్రీశైలం బ్యాక్‌వాటర్, వాడపల్లి కాడ మూసీ కలుస్తది, పైగా పులిచింతల నీళ్లు ఎనక్కి తన్ని నిలబడి ఉంటయి. ఒక కాడ కట్టిన డ్రాయింగ్ తీసి ఇంకో కాడ పెడితే నడవదు.

మొదలు పాత బ్రిడ్జిని చదవాలె. పొద్దున ఎండ అడ్డంగ పడేటప్పుడు పుట్టి మాట్లాడుకొని ఖానాల (రెండు స్తంభాల నడుమ భాగాల) కిందికి పోండి, ఆ వెలుగుల పగుళ్లు బాగ కనిపిస్తయి. చిన్న సుత్తితో అందినంత మేర పియర్ క్యాప్ (పియర్ అంటే స్తంభం, దాని నెత్తి మీది దిమ్మె) మీద, స్లాబ్ కింద కొట్టుకుంట పోతే గట్టి కాంక్రీట్ ఖంగుమంటది, లోపల రాడ్ తుప్పు పట్టి పొర విడిపోయిన కాడ డొల్ల సప్పుడొస్తది. ఆ చోటు చుట్టూ సుద్దముక్కతో గీసి, ఖానా నంబర్ రాసి ఫోటో తియ్యండి. బేరింగ్ కాడ రావి మొక్క మొలిచిందంటే పైన జాయింట్ నుంచి ఏండ్ల తరబడి నీళ్లు కారుతున్నయన్నట్టే, అక్కడ పెడస్టల్ (బేరింగ్ కింది చిన్న దిమ్మె) నలిగిందా, బేరింగ్ బిగుసుకపోయిందా తప్పకుండ చూడాలె. పగులు ఇంకా కదులుతుందా ఆగిపోయిందా అని డౌట్ ఉంటే అడ్డంగ సన్నని గాజు పట్టీ అతికించి తేదీ రాసి పెట్టండి, పగులు కదిలితే గాజు పగులుతది.

బేరింగ్ కాడ ఎందుకింత పట్టు పడుతున్ననంటే, గుజరాత్‌ల మహి నది మీద గంభీరా బ్రిడ్జి 1985ల కట్టింది, 2025 జులై 9న దాని ఒక భాగం కూలి బండ్లు బండ్లే నదిల పడ్డయి. పెడస్టల్, ఆర్టిక్యులేషన్ నలిగిపోవుడే కారణమని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. బ్రిడ్జికి నలభై ఏండ్లంటే పెద్ద వయసేం కాదు. మన దగ్గర గూడ ఆ కాలంల కట్టిన బ్రిడ్జిలల్ల మధ్యల వేలాడే ఖానా ఉండి దాని రెండు కొసలు పక్క గిర్డర్ల (రోడ్డును మోసే దూలాల) ముక్కు మీద ఆనుకొని ఉండే రకం ఉన్నయి, ఆ ముక్కులే ఆర్టిక్యులేషన్. చెయ్యి పట్టేంత సందు కూడ ఉండదు, టార్చ్ వేసి ఓపికగ చూడాలె, చూడకుండ రిపోర్టుల బాగుంది అని రాయొద్దు.

ఇగ నీళ్ల కింద సంగతి. తాడుకు బరువు కట్టి పియర్ చుట్టూ నాలుగు దిక్కుల లోతు కొలవండి, పాత డ్రాయింగ్‌ల ఉన్న అడుగు లెవెల్‌తో పోల్చండి, ఎగువ దిక్కు ముక్కు కాడ గుంత పడి ఉంటే వరద మట్టిని కోసుకపోయిందని అర్థం. అనుమానం వస్తే డైవర్లను పిలిపించి వీడియో తీయించాలె. మహారాష్ట్రల మహాడ్ కాడ సావిత్రి నది మీద బ్రిటిష్ కాలం నాటి బ్రిడ్జి 2016 ఆగస్టు 2 రాత్రి వరదల కొట్టుకపోయింది, రెండు ఆర్టీసీ బస్సులు నీళ్లల్ల పోయినయి. తర్వాత అక్కడ కొత్త బ్రిడ్జి 165 రోజులల్ల కట్టిండ్రు, అంటే తల్సుకుంటే అయితది.

చూసింది చూసినట్టు రాసేందుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పుస్తకం ఎస్‌పీ 35 ఉంది, ఎంత లోడ్ తట్టుకుంటదో లెక్క కట్టేందుకు ఎస్‌పీ 37, రిపేర్లకు ఎస్‌పీ 40. ఈ మూడు దగ్గర పెట్టుకొనే రిపేరా మార్చుడా తేల్చాలె. నా లెక్కల పునాది, పియర్లు గట్టిగుండి పైభాగమే పాడైతే గిర్డర్లు, స్లాబ్ మార్చి ఇంకొన్నేండ్లు నడిపియ్యొచ్చు, డబ్బులు మిగులుతయి. పునాదే కదిలితే మాత్రం పైన ఎన్ని కోట్లు పెట్టినా దండగ. బండ్ల బరువు గూడ మర్చిపోవద్దు, 2018 జులైల కేంద్రం లారీల యాక్సిల్ లోడ్ (ఇరుసు మీద పడే బరువు) పెంచింది, పెద్ద లారీ 49 టన్నుల నుంచి 55 టన్నులకు పోయింది. వాడపల్లి, మఠంపల్లి దిక్కు సిమెంట్ లారీలు, మిర్యాలగూడ బియ్యం లారీలు రాత్రంతా పోతనే ఉంటయి. పాత బ్రిడ్జి ఏ లోడ్‌కు డిజైన్ చేసిండ్రో పాత ఫైల్‌ల వెతికి తీయాలె, ఫైల్ దొరకకపోతే కాంక్రీట్‌ల డ్రిల్ వేసి గుండ్రటి ముక్క (కోర్) తీసి, రాడ్ స్కాన్ చేసి లెక్క కట్టాలె.

వరద లెక్క దగ్గర తొందరపడొద్దు. 2009 అక్టోబర్‌ల శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది, అలంపూర్, కర్నూలు మునిగినయి, ఆ నీళ్లు చూసినోళ్లు ఇంకా ఊర్లల్ల ఉన్నరు. ఒడ్డు మీద ఊర్లకు పోయి గుడి గోడ మీదనో బడి గోడ మీదనో నీళ్లు ఎంత దాంక వచ్చినయో చూపియ్యమనండి, ఆ గుర్తు మీద ఆటో లెవెల్ (ఎత్తు కొలిచే సర్వే యంత్రం) పెట్టి రీడింగ్ తీస్కోండి, ఇద్దరు ముగ్గురు వేరే వేరేగ చూపిస్తే ఇంకా నమ్మకం. కేంద్ర జల సంఘం గేజ్ రికార్డులు, పైన కింద డ్యాముల రికార్డులు గూడ తెచ్చి, నూరేండ్లకు ఒకసారి వచ్చే వరదకు డిజైన్ చెయ్యాలె. పునాది లోతు కోసం ఆ వరదకు ఇంకొంత కలుపుతరు, కృష్ణంత పెద్ద క్యాచ్‌మెంట్ (వాన నీళ్లు వచ్చి చేరే ప్రాంతం) ఉన్న నదికి 10 శాతం. 3000 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) దాటే నది మీద వరద మట్టానికి, గిర్డర్ అడుగుకు నడుమ కనీసం 1.5 మీటర్ల ఖాళీ ఉండాలె. బ్యాక్‌వాటర్‌ల కడుతుంటే డ్యామ్ నిండు మట్టం గూడ చూడాలె, శ్రీశైలానికి 885 అడుగులు, పులిచింతలకు 175 అడుగులు.

కొత్తది ఎక్కడ పెట్టాలె అంటే సాధారణంగ పాతదాని పక్కనే పెడతరు, అప్రోచ్ రోడ్డు, భూమి కొంత కలిసొస్తది, పని నడిచినన్ని రోజులు పాతదాని మీద బండ్లు పోతయి. కాని కొత్త పియర్లు పాత పియర్ల వరుసలనే రావాలె, ఖానా పెద్దగ కావాలంటే పాత రెండు ఖానాలకు ఒక కొత్త ఖానా లెక్కన పెట్టాలె, అడ్డదిడ్డంగ పెడితే నీళ్లు సుళ్లు తిరిగి రెండిటి పునాదులూ కోస్తయి. కొత్త పునాది తవ్వేటప్పుడు పాతదాని కింద మట్టి జారకుండ ఎడం ఉంచుకోవాలె.

భూమి పని ఎన్‌హెచ్ చట్టం కింద నడుస్తది. 3ఏ నోటిఫికేషన్ (భూమి తీస్కుంటమని మొదటి ప్రకటన) వచ్చినంక అభ్యంతరాలకు 21 రోజులు, 3ఏ నుంచి ఏడాదిలోపు 3డీ (భూమి సర్కారుదయిందనే ప్రకటన) రాకపోతే మల్ల మొదటికొస్తది. రైతులు ఈ తేదీలు రాసిపెట్టుకోవాలె, బోరు, చెట్లు, షెడ్డు సర్వేలనే ఎక్కినయా అని దగ్గరుండి చూస్కోవాలె. వాడపల్లి కాడైతే అవతలి ఒడ్డు ఆంధ్రా, రాయచూర్ దారిల దేవసూగూర్ కాడైతే కర్ణాటక, అట్లాంటి చోట రెండు దిక్కుల రెవెన్యూ పని ఒకేసారి మొదలుపెట్టాలె. నల్లమల దిక్కైతే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉంది, ఫారెస్ట్ పర్మిషన్ ముందే పెట్టాలె. కరెంటు లైన్లు, మిషన్ భగీరథ పైపులు, ఆప్టికల్ కేబుల్ సంగతి గూడ అంతే.

బోర్ టెస్ట్ ప్రతి పియర్ కాడ వెయ్యాలె, రెండు ఒడ్డుల వేసి నడుమ అంచనా కట్టుడు వద్దే వద్దు. పాలమూరు దిక్కు గ్రానైట్ ఉంటది, పైన మెత్తబడ్డ పొర ఎంతుందో చూసి గట్టి బండల ఓపెన్ ఫౌండేషన్ (తవ్వి నేరుగ బండ మీద పోసే పునాది) కుసబెట్టొచ్చు, గట్టి బండల కనీసం 0.6 మీటర్లు, మెత్త బండల 1.5 మీటర్లు దిగాలె. వాడపల్లి, మట్టపల్లి దిక్కు సున్నపురాయి, అందుకే అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీలు. సున్నపురాయిల బొయ్యారాలుంటయి, కోర్ గట్టిగొచ్చిందని ఆపితే దాని కింద ఖాళీ ఉండొచ్చు, ఇంకా కిందికి పొడవాలె. కోర్ ముక్కలు పెట్టెలల్ల వరుసగ పెట్టి లోతు రాసి ఫోటో తీయించండి, ఆ పెట్టెలు పని అయ్యేదాంక పారేయనియ్యొద్దు.

క్యాలెండర్ ఆఫీసుది కాదు, నదిది. జులై నుంచి అక్టోబర్ దాంక ఆల్మట్టి, నారాయణపూర్ గేట్లు ఎత్తితే జూరాల నిండుతది, కింద బీచుపల్లి కాడ నీళ్లు పెరుగుతయి. కాబట్టి పునాది పని నవంబర్‌ల మొదలుపెట్టి జూన్ లోపు పియర్ నీళ్ల పైకి తేవాలె. టెండర్ ఫిబ్రవరిల ఖరారైతే ఆ ఏడాది నదిల పని సగమే అయితది, అప్పుడు ఒడ్డు మీది పియర్లు, గిర్డర్లు పోసే యార్డ్ తయారు చేస్కోవాలె, తొందరపడి మే నెలల కొత్త పునాది తవ్వొద్దు. సోమశిల అసుంటి బ్యాక్‌వాటర్‌ల ఎండాకాలం దాంక నీళ్లు తగ్గవు, అక్కడ బార్జ్ (చదును పడవ) మీద బోరు యంత్రం (రిగ్) పెట్టి పైల్స్ (లోతుకు దింపే పునాది స్తంభాలు) వేసుడే. పైన డ్యామ్ ఇంజనీర్ల ఫోన్ నంబర్లు సైట్ ఆఫీస్ గోడ మీద రాసి ఉండాలె, నీళ్లు వదిలిండ్రంటే క్రేన్ ఎవరు తియ్యాలె, మనుషులను ఎవరు లెక్క పెట్టాలె ముందే పేర్లతో రాసిపెట్టుకోవాలె. 2028ల కృష్ణా పుష్కరాలు వస్తున్నయి, ఘాట్ల దగ్గర పని ఉంటే ఆ రోజులు లెక్కలకెల్లి తీసెయ్యండి.

పని నడిచేటప్పుడు పాత బ్రిడ్జి మీద లోడ్ తగ్గించాలె. ఎత్తు గేటు పెట్టి, పెద్ద లారీలను తిప్పి పంపాలె, వాడపల్లి కాడైతే అటు సాగర్ మీదుగనో ఇటు కోదాడ మీదుగనో. బోర్డు బ్రిడ్జి కాడ పెడితే ఏం ఫాయిదా, అక్కడికొచ్చినంక లారీ ఎనక్కి తిరగలేదు, నార్కట్‌పల్లి కాడ, మిర్యాలగూడ కాడ పెట్టాలె. అంబులెన్స్, ఆర్టీసీ బస్సు సంగతి డిపో మేనేజర్‌తో కూసొని ముందే మాట్లాడాలె.

గిర్డర్ల పని అలవాటైన పనే, నేను పట్టుబట్టేది ఒక్కటే, గిర్డర్ లోపలి ఉక్కు కేబుల్ లాగి బిగించినంక గ్రౌటింగ్, అంటే ఆ కేబుల్ పైపులల్ల సిమెంట్ పాలు నింపుడు. రెండు వారాల్లోపు పైపులల్ల గ్రౌట్ నింపాలె, అవతలి కొస నుంచి చిక్కటి గ్రౌట్ బయటికొచ్చేదాంక మీరే నిలబడి చూడాలె, ఖాళీ మిగిలితే లోపల తీగ తుప్పు పడుతది, బయటికి ఏం కనిపించదు. బ్రిడ్జి రెండు కొసల అప్రోచ్ మట్టి గూడ పొర పొరగ రోలర్ కొట్టాలె, లేకుంటే మొదటి వానకే దిగి బండి ఎగిరిపడుతది, ఆ దెబ్బ రోజూ జాయింట్ మీద, బేరింగ్ మీద పడుతది.

ఓపెన్ చేసే ముందు లోడ్ టెస్ట్. లెక్క ప్రకారం బరువు పెట్టి 24 గంటలు ఉంచి, తీసినంక ఇంకో 24 గంటలకు స్లాబ్ ఎంత పైకి లేచిందో చూస్తరు. వంగినదాంట్ల ఆర్‌సీసీకి (రాడ్ వేసిన మామూలు కాంక్రీట్) 75 శాతం, పీఎస్‌సీకి (కేబుల్ లాగి బిగించిన కాంక్రీట్) 85 శాతం వెనక్కి రావాలె. మంత్రి గారి డేట్ ఫిక్స్ అయిందని దీన్ని తగ్గించొద్దు.

పాతదాన్ని తీసేస్తున్నరంటే దాని డ్రాయింగ్ చూడకుండ కోత పెట్టొద్దు. వేలాడే ఖానా ఉంటే ముందు దాన్ని లేపి తీసి, తర్వాత రెండు దిక్కుల ముక్కులు సమంగ కోసుకుంట రావాలె, ఒక దిక్కే కోస్తే అవతలి బరువుకు పియర్ వంగుతది. పియర్లు నది అడుగు దాంక కోసి ముక్కలన్నీ బయటికి తేవాలె, నీళ్లల్ల మొండి ముక్క మిగిలితే పుట్టీలు, జాలర్ల వలలు దానికే తగులుతయి, వరదప్పుడు చెట్లు ఆగి నీళ్లు కొత్త బ్రిడ్జి మీదికి మళ్లుతయి. బిల్లు పాస్ చేసే ముందు ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు జాలర్లను తీస్కపోయి ప్రతి పాత పియర్ చోటు గడకర్రతో పొడిచి చూపియ్యమనండి.